కంభం చెరువు ఒడ్డున ఒక రాత్రి

మా అమ్మమ్మగారి ఊరు కంభానికి దగ్గరే. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెరువు కట్ట ఎక్కానో లెక్కలేదు. కానీ పొద్దుగూకేలోపు ఇంటికి చేరాల్సిందే. చీకటి పడ్డాక ఆ నీళ్ళు ఎలా ఉంటాయో చూడాలన్న కోరిక నలభై దాటినా పోలేదు. చెరువు అలుగు పారిన ఏడాది, డిసెంబరులో, మా ఆవిడ, ఆరో తరగతి చదివే మా పాప, నేను టెంటు తీసుకుని ఒంగోలు నుంచి బయల్దేరాం.

అంతకుముందు నెల రోజులు పర్మిషన్ కోసమే తిరిగాను. ఒక ఆఫీసులో అడిగితే ఇంకో ఆఫీసుకు వెళ్ళమన్నారు. చుట్టూ ఉన్నవి నల్లమల కొండలు, చిరుతలు, ఎలుగుబంట్లు ఉండే అడవి. రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు, నిప్పు అసలే రాజేయకూడదు. చిన్నపిల్లను పెట్టుకుని అక్కడ పడుకోవాలని నాకూ లేదు. చివరికి మా మేనమామే దారి చెప్పాడు: "చెరువు పక్కన పట్టా పొలం ఉన్న రైతును అడుగు." అలా ఒక పెద్దాయన దొరికాడు. పొలంలో మంట వేయకూడదు, వెళ్ళేటప్పుడు ఏదీ వదిలిపోకూడదు అన్న రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు.

మంట లేదు కాబట్టి వంట లేదు. పులిహోర, చపాతీలు, పెరుగన్నం, ఫ్లాస్కులో టీ. నిజానికి అదే మేలైంది, సాయంత్రమంతా పొయ్యి చుట్టూ తిరగకుండా నీళ్ళు చూస్తూ కూర్చున్నాం. మిగిలిన తిండి మాత్రం గట్టిగా మూతపెట్టి కారులో పెట్టాం. వాసనకు జంతువులు వస్తాయి.

నీటి అంచున మెత్తటి చదును నేల చూసి టెంటు విప్పబోతుంటే పెద్దాయన ఆపేశాడు. "ఈడ వద్దయ్యా. పైన కొండల్లో వాన పడిందంటే గుండ్లకమ్మ ఏరు రాత్రికి రాత్రే పెరుగుద్ది. గట్టు మీదికి రాండి." గట్టు మీద వేపచెట్టు దగ్గరకు మారాం. అక్కడ నేలంతా చిల్లకంప ముళ్ళు. ఒక్కటి దిగినా టెంటు అడుగు చిరుగుతుంది. చీపురుతో ఊడ్చాం, తర్వాత పాప మోకాళ్ళ మీద కూర్చుని మిగిలినవి ఏరి స్టీలు గ్లాసులో వేసింది. నలభై మూడు వచ్చాయి. ఆ పైన టార్పాలిన్ పరిచి టెంటు నిలబెట్టాం.

తలుపు నీళ్ళ వైపు పెట్టాను, పడుకునే చూడొచ్చని. తొమ్మిదింటికి చెరువు మీంచి గాలి లేచి నేరుగా లోపలికి కొట్టింది. గుడ్డ పటపటలాడుతుంటే పాపకు టెన్షన్. టార్చి పళ్ళతో పట్టుకుని మేకులన్నీ పీకి, తలుపు వేపచెట్టు వైపు తిప్పేసరికి గంట పట్టింది. ముందే గాలి ఎటునుంచి వస్తుందో ఆయన్ను అడగాల్సింది.

గాలి తగ్గాక పాపకు ఆ కట్ట కథ చెప్పాను. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్టారు, కృష్ణదేవరాయల భార్య, ఒడిశా రాజులైన గజపతుల ఇంటి ఆడపిల్ల వరదరాజమ్మ కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించారు. "అమ్మాయే కట్టించిందా?" అని రెండుసార్లు అడిగింది. చుట్టుపక్కల ఒక్క దీపం లేదు. నీళ్ళు నల్లగా, పైన ఆకాశమంతా చుక్కలు. నేను చిన్నప్పటి నుంచి అడుగుతున్నది ఇదే.

తెల్లవారేసరికి టెంటు లోపలి గుడ్డ మంచుకు తడిసి నీళ్ళు కారుతోంది. చేపలవాళ్ళు తెప్పల మీద వలలు తీస్తున్నారు. ఎండ వచ్చాక అన్నీ ఆరబెట్టి మడిచాం. మేకులు లెక్కపెడితే ఏడే ఉన్నాయి, తెచ్చినవి ఎనిమిది. ఇనుప మేకు మట్టిలో ఉండిపోతే గేదె కాల్లో దిగుతుంది. ముగ్గురం అరగంట వెతికాం. రాత్రి టెంటు తిప్పినప్పుడు వేప వేరు పక్కన తొక్కుకుపోయి ఉంది, పాప పీకి మట్టి తుడిచి సంచిలో వేసింది.

పెద్దాయన గట్టంతా ఒకసారి తిరిగి చూసి, "మళ్ళీ సంక్రాంతికి వస్తారా?" అన్నాడు.