కుండకి కుమ్మరి

"కుండ ఉందంటే కుమ్మరి ఉన్నట్టే కదరా. మరి ఇంత లోకానికి?" కొత్త కుండని వేళ్లతో కొట్టి చూస్తూ అడిగారు నాన్న.

మన తెలుగువాడు, తర్కశాస్త్ర పండితుడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో తర్కసంగ్రహ దీపిక అనే పుస్తకంలో దేవుడున్నాడనడానికి పెట్టిన వాదమూ ఇదే. మొలక కార్యం, అంటే కొత్తగా పుట్టినది; కార్యానికి కర్త ఉండాలి, కుండకి ఉన్నట్టు.

నాకు ఒక్కచోటే అడ్డుపడుతుంది. కొండమీద పొగ చూసి నిప్పుందంటాం, వంటింట్లో రెండూ కలిసి చూశాం గనక. కుమ్మరినీ సారె దగ్గర చూశాం. లోకం తయారవడం ఎవరు చూశారు?

అదే అన్నాను. నాన్న మాట్లాడలేదు. కుండలో నీళ్లు పోసి, మొదటి గ్లాసు ముంచి అమ్మ ఫోటో ముందు పెట్టారు.

ఆ వాదం నిలవదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. గ్లాసు మాత్రం తీయలేదు. ఇంకా అక్కడే ఉంది.