పేరు సిరాతో, చిరునామా పెన్సిలుతో

మన కాలేజీ పూర్వ విద్యార్థుల కోసం వెలువడే ఈ సంచికకు వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు, గురువులను, హాస్టలు సాంబారును తలచుకుంటూ నాలుగు పేజీలు నింపడం పెద్ద పనేమీ కాదనిపించింది. అటువంటి వ్యాసాలు వెనుకటి సంచికల్లో నిండుగానే ఉన్నాయి. అందుచేత వేరే సంగతి ఎత్తుకుంటున్నాను. కాలేజీ వదిలి దశాబ్దాలు గడిచినా మా తరం వారికి దానితో సంబంధం ఎలా నిలిచిందో, మా తరువాతి వారికి అది ఎందుకు పలచబడుతున్నదో నాకు తెలిసినంతలో చెబుతాను.

గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల వంటి పెద్ద సంస్థకు ఈ చింత అంతగా ఉండదు. ఎన్.టి. రామారావుగారు చదివిన చోటు అంటే చాలు, అక్కడ చదివిన ప్రతివాడూ తనంతట తానే ఆ పేరు చెప్పుకుంటాడు. మనది డెల్టాలోని చిన్న క్రైస్తవ కాలేజీ. పాలకొల్లు, మొగల్తూరు వైపు నుంచి సైకిళ్ల మీద, సఖినేటిపల్లి, రాజోలు వైపు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చిన పిల్లలం. మాలో చాలామంది ఇళ్లలో అంతకుముందు డిగ్రీ మొహం చూసినవారు లేరు. చదువయ్యాక రైల్వేలోకి, ఉపాధ్యాయ వృత్తిలోకి, గల్ఫ్ దేశాలకు, ఎవరి దారిన వారు వెళ్లిపోయాం. ఇలా చెదిరిపోయిన వారిని ఒక చిన్న కాలేజీ గుర్తుంచుకోవాలంటే ఆ పని ఎవరో ఒకరు కూర్చుని చేయాలి. మాకాలంలో ఆ పని చేసినవారు ప్రిన్సిపాలుగారు కారు, పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షులూ కారు. ఆఫీసులోని హెడ్ గుమాస్తాగారు.

ఆయన దగ్గర కాలికో అట్ట వేసిన పొడుగాటి రిజిస్టరు ఒకటి ఉండేది. టీసీ తీసుకోవడానికి వెళ్లిన ప్రతి విద్యార్థినీ ఎదురుగా కూర్చోబెట్టి వివరాలన్నీ అడిగి అందులో రాసుకునేవారు. పేరు, ఇంటిపేరు, తండ్రిగారి పేరు, స్వగ్రామం సిరాతో రాసేవారు. ప్రస్తుత చిరునామా మాత్రం పెన్సిలుతో రాసేవారు. చిరునామా మారినట్టు కబురు రాగానే పాతది రబ్బరుతో చెరిపి కొత్తది రాసేవారు గనుక, ఊళ్లు ఎక్కువగా మారిన వారి గడిలో కాగితం అరిగి అవతలి పేజీలోని అక్షరాలు కనిపిస్తూ ఉండేవి. ఆయన చాదస్తం ఎంత దూరదృష్టితో కూడినదో నాకు తరువాత అర్థమైంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలే మారిపోయి, రాజోలు తూర్పు గోదావరి నుంచి కోనసీమ జిల్లాలోకి వెళ్లింది, పశ్చిమ గోదావరి కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి వచ్చింది. ఇన్ని మారినా ఊరి పేరు, ఇంటిపేరు మారలేదు. ఆ రెండూ తెలిస్తే డెల్టాలో ఏ మనిషినైనా పట్టుకోవచ్చు. ఊరి చర్చి పాస్టరుగారినో, పోస్టుమాన్‌నో, రేవులో టీకొట్టు అతన్నో అడిగితే, ఫలానా వారి రెండో అబ్బాయి ఇప్పుడు మస్కట్‌లో ఉన్నాడని చెప్పేస్తారు.

ఆ రిజిస్టరు విలువ ఎంతటిదో 1996 నవంబరు 6 నాటి తుపాను తరువాత తెలిసింది. కోనసీమలో కొబ్బరి తోటలు బారులకు బారులు నేలకూలి, కరెంటు స్తంభాలు పడిపోయి, రోజుల తరబడి కబుర్లు లేని పరిస్థితి. నేను అప్పుడు ఉద్యోగరీత్యా దూరాన ఉన్నాను. కాలేజీ నుంచి కార్డు వచ్చింది. ఒకవైపు చిరునామా, రెండో వైపు నాలుగే వాక్యాలు: ప్రభువు నామమున వందనములు. మీ స్వగ్రామం తుపాను దారిలో ఉన్నది. మీ వారందరూ క్షేమమేనా? తెలియకపోతే వెంటనే రాయగలరు, అటు వెళ్లే విద్యార్థుల ద్వారా కనుక్కుని తెలియపరచగలము. ఆ రిజిస్టరులో కోనసీమ ఊళ్లు ఉన్నవారందరికీ హెడ్ గుమాస్తాగారు, మరి ఇద్దరు లెక్చరర్లు కూర్చుని కార్డులు రాశారని తరువాత విన్నాను. చందా అడగడానికి వచ్చిన ఉత్తరాలు నా జీవితంలో చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ గుర్తులేదు. ఈ కార్డు మాత్రం మా ఇంట్లో బైబిలులో ఉన్నది. మరుసటి ఏడాది కాలేజీ ప్రహరీ గోడకు విరాళాలు అడిగినప్పుడు, ఆ కార్డులు అందుకున్నవారే ముందుగా పంపారని చెబితే ఎవరికీ ఆశ్చర్యం కలగదు.

ఇప్పుడు ఆ పని చేసేవారు లేరు. దీనికి ఎవరి నిర్లక్ష్యమో కారణమని నేను అనుకోవడం లేదు. ఎయిడెడ్ పోస్టుల, అంటే ప్రభుత్వం జీతమిచ్చే పోస్టుల, భర్తీ ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఒక్కొక్కరే రిటైరయ్యారు. 2021లో ఎయిడెడ్ సంస్థల విషయమై వచ్చిన ప్రభుత్వ ఉత్తర్వులతో మన రాష్ట్రంలోని ఇటువంటి కాలేజీలన్నీ ఊగిసలాటలో పడ్డాయి. ముప్పై ఏళ్లు ఒకే గదిలో పాఠం చెప్పిన లెక్చరరుకు తండ్రీ కొడుకులిద్దరూ శిష్యులయ్యేవారు. ఏడాదికోసారి మారే గెస్టు లెక్చరరుకు నిన్నటి బ్యాచ్ కూడా తెలియదు. ఆయన తప్పేముంది, జీతం చూస్తే ఏడాదైనా ఉండడమే గొప్ప. కాలేజీ జ్ఞాపకశక్తి అంతా మనుషుల తలల్లో ఉండేది. ఆ మనుషులు వెళ్లిపోగా మిగిలింది ఆ రిజిస్టరు. దానిలోనూ కొన్నేళ్లుగా కొత్త పేర్లు ఎక్కలేదు.

కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ బృందం వస్తున్నదంటే మాత్రం పూర్వ విద్యార్థుల సంఘం అందరికీ గుర్తుకొస్తుంది. వారి ప్రమాణాల్లో ఐదో దానిలో దీనికి చోటున్నది గనుక, ఒక బ్యానరు, ఒక గ్రూపు ఫొటో, మినిట్స్ పుస్తకంలో నాలుగు సంతకాలు సిద్ధమవుతాయి. దానితో సంబంధం నిలిచేట్టయితే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు. వార్షిక సభ తేదీ గురించి ఏటా జరిగే వాదన కూడా ఇలాంటిదే. క్రైస్తవ విద్యార్థులు క్రిస్మస్‌కు ఊరు వచ్చి, కొత్త సంవత్సరపు ఆరాధన చూసుకుని వెళ్లిపోతారు. మనలో అధిక సంఖ్యాకులైన హిందూ విద్యార్థులు సంక్రాంతికి వస్తారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, ఇక వారిని ఆ రోజు సభకు ఎవరు రప్పించగలరు? ఏ తేదీ పెట్టినా సగం మంది మిగిలిపోతారు. నా మట్టుకు నేను పెద్ద సభ ఒక్కటి కంటే, పండుగ రోజుల్లో భీమవరంలోనో రాజోలులోనో పదిమంది కలిసి టీ తాగడమే మేలంటాను. ఆ పదిమంది వివరాలు కాలేజీకి చేరితే చాలు.

జాబితాలో లేనివారి గురించి కొంత చెప్పాలి. మాతో చదివిన ఆడపిల్లల్లో అధికభాగం పెళ్లితో ఇంటిపేరు మారి, ఊరు మారి, మన లెక్కలో లేకుండా పోయారు. సంఘం కార్యవర్గంలో వారి పేర్లు వెతికినా దొరకవు. సప్లిమెంటరీలు మిగిలిపోయి డిగ్రీ చేతికి రానివారు, ఫీజు కట్టలేక రెండో ఏడాదిలో ఆగినవారు తమను పూర్వ విద్యార్థులుగా ఎవరూ ఒప్పుకోరని దూరంగా ఉండిపోయారు. పంటు రేవు దగ్గర అటువంటి సహాధ్యాయి ఒకరు నాకు తారసపడి, “మేము పాసవ్వలేదు కదండీ, మమ్మల్నెందుకు పిలుస్తారు” అన్నారు. ఆయన కూతుళ్లిద్దరూ మన కాలేజీలోనే చదివారు. ఇక మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. సర్టిఫికెట్టులో ఒక పేరు, చర్చిలో మరొక పేరు గలవారు మనలో చాలామంది. కారణాలు అందరికీ తెలిసినవే, ఇక్కడ విప్పనక్కరలేదు. కానీ కాలేజీ రికార్డులో సత్యనారాయణగా ఉన్న మనిషిని వారి పేటలో ఆ పేరుతో అడిగితే ఎవరూ చెప్పలేరు, డేవిడ్ అంటేనే ఇల్లు చూపిస్తారు.

డబ్బు విషయం క్లుప్తంగా ముగిస్తాను. విదేశాల్లో ఉన్నా భారత పౌరసత్వం గలవారు తమ సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. కనుక గల్ఫ్‌లో ఉన్న మన వారికి అడ్డంకి లేదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపే మొత్తానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. దానికి అనుమతి ఉండాలి, 2020 సవరణ ప్రకారం స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ఖాతా ద్వారానే రావాలి. ఈ తేడా తెలియక అమెరికా మిత్రులు నొచ్చుకున్న సందర్భాలున్నాయి.

ఈ సంచిక చివర ఒక పత్రం జతచేయమని సంపాదకవర్గాన్ని కోరాను, వారు అంగీకరించారు. అందులో సర్టిఫికెట్టులోని పేరు, ఇంట్లో గానీ చర్చిలో గానీ పిలిచే పేరు, స్వగ్రామం, చదివిన సంవత్సరాలు, ఫోను నంబరు అడుగుతున్నారు. స్త్రీలు పుట్టింటి ఇంటిపేరు కూడా రాయాలి. పాసయ్యారా లేదా అన్న గడి అందులో లేదు, నేనే తీయించాను. నింపినవారు కాలేజీ ఆఫీసుకు పోస్టులో పంపవచ్చు, అటు వెళ్లేవారి చేతికి ఇచ్చినా సరిపోతుంది. మీకు తెలిసి ఈ సంచిక అందని సహాధ్యాయి ఉంటే, వారి పత్రం కూడా మీరే నింపి పంపండి. రిజిస్టరులోకి ఎక్కించే పనికి రిటైరైన మేము కొందరం శనివారాలు ఆఫీసులో కూర్చుంటున్నాం.