గడ్డం మీద మాస్కు కూర్చోదు

"దాడీ నికాల్‌కే ఆవో." షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గ్యారేజీ. బండ్లకు రంగు కొట్టే మూసిన గది, అంటే పెయింట్ బూత్ తలుపు దగ్గర, మెడలో అయ్యప్ప మాల ఉన్న మన కుర్రాడితో సేఫ్టీ ఆఫీసరు నలుగురి ముందూ అన్న మాట ఇది. దీక్ష పట్టి అప్పటికి పన్నెండు రోజులు. ఆ రాత్రి క్యాంపులో మనవాళ్లందరిదీ ఒకటే కోపం: మాల వేసుకున్న స్వామిని పట్టుకుని గడ్డం తీసి రమ్మంటాడా?

కోపం న్యాయమైనదే. అలా అనే తీరు కాదది. కానీ ఆ మాట వెనక పనికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. అది విడమరిచి చెప్పకుండా కసిరాడు కాబట్టే విషయం దీక్ష మీదికి పోయింది. ఆయన చెప్పకుండా వదిలేసింది మనమైనా చెప్పుకోవాలి.

ముక్కూ నోరూ మూసే సగం ముఖం మాస్కు పనిచేసేదంతా దాని రబ్బరు అంచు దగ్గరే. ఊపిరి పీల్చగానే మాస్కు లోపల ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది. అప్పుడు గాలి ఎటు సులువైతే అటే వస్తుంది. మాస్కుకు బిగించే డబ్బా, అంటే కార్ట్రిడ్జ్‌లోని బొగ్గు గుండా రావడం కష్టం, అంచు కింద వెంట్రుకల సందుల్లోంచి రావడం సులువు. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. పెయింట్ కొట్టే గన్‌లోంచి లేచే పొగమంచులో 10 మైక్రాన్ల చుక్కలు కూడా ఉంటాయి. అంటే ఆ సందు వాటికి రాజమార్గం. నలభై రోజుల గడ్డమే అక్కర్లేదు, నిన్న గీసుకున్న గడ్డం ఇవాళ గరుకు తేలినా సీలు పోతుంది. స్ప్రే ఉన్న రోజు పొద్దున్నే గీసుకోవాలనేది అందుకే. మీసానికి మాత్రం ఢోకా లేదు. అంచు కిందికి గానీ, ఊపిరి వదిలే వాల్వు మీదికి గానీ రానంతవరకు ఉంచుకోవచ్చు. మీసం కూడా తీయమనేవాళ్లుంటే ఈ సంగతి ధైర్యంగా చెప్పండి.

ఇంటి దగ్గర ఇంత పట్టింపు ఎక్కడుంది, విజయవాడ ఆటోనగర్‌లో మేస్త్రులు ముక్కుకు కర్చీఫ్ కట్టుకుని లారీలకు లారీలే కొట్టారు కదా అంటారు. ఆ మేస్త్రులను తక్కువ చేసే మాట నేను అనను. వాళ్ల చేతి పని ఇక్కడి బూత్‌లో కూడా చాలామందికి రాదు. కానీ వాళ్లు ఆ పని నేర్చిన రోజుల్లో పెయింట్ వేరు. లక్కర్, ఎనామిల్ థిన్నర్ ఆవిరైపోతేనో గాలి తగిలితేనో ఆరేవి, పెయింట్‌ను గట్టిపరిచే హార్డ్‌నర్ ఉండేది కాదు. పనంతా రేకుల షెడ్డులో, మూడు వైపులా గాలి ఆడేచోట జరిగేది. అవీ మంచివేం కావు, థిన్నర్ ఆవిరి తలకెక్కేది, కర్చీఫ్ దాన్ని ఆపేదీ కాదు. కానీ ఇప్పటి 2కే క్లియర్, అంటే రెండు భాగాలు కలిపి పైన మెరుపుకు కొట్టే పూత, వేరే జాతి. రెండు పాళ్ల క్లియర్‌కు ఒక పాలు హార్డ్‌నర్ కలుపుతాం కదా, ఆ హార్డ్‌నర్‌లో ఉండేది ఐసోసయనేట్. ఇప్పుడు ఆటోనగర్‌లోనూ అదే కొడుతున్నారు. పెయింట్ మారింది, కర్చీఫ్ మారలేదు.

ఐసోసయనేట్‌తో చిక్కేమిటంటే, ప్రమాదం మొదలయ్యే మోతాదులో దానికి వాసన ఉండదు. మనకు తగిలే ఘాటు థిన్నర్‌ది. కాబట్టి "వాసన రావట్లేదు, మాస్కు బాగానే ఉంది" అనే లెక్క ఇక్కడ చెల్లదు. హెచ్‌డీఐ అనే రకానికి అమెరికా పరిశ్రమల ఆరోగ్య నిపుణుల సంఘం పెట్టిన హద్దు ఎనిమిది గంటల సగటున 0.005 పీపీఎం. వంద కోట్ల పాళ్ల గాలిలో అయిదు పాళ్లన్నమాట. ఇంకా పెద్ద చిక్కు ఒంటికి అది పడకపోవడం. ఏళ్లపాటు ఏమీ కాదు. ఒకసారి ఊపిరితిత్తులు దానికి ఎదురుతిరిగాయంటే మాత్రం ఆ తర్వాత ఇసుమంత తగిలినా ఆయాసం వస్తుంది. అప్పుడు ఇరవై ఏళ్ల చేతి పని వదులుకోవాల్సిందే.

ఎన్95 మాస్కులు పుట్టీ రుద్దేటప్పుడు దుమ్ముకు సరిపోతాయి. ఆవిరిని ఆపవు. స్ప్రేకు కనీసం ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్, దాని మీద పొడి ఫిల్టర్, రెండూ ఉండాలి. యూరప్ గుర్తుల్లో ఎ2పీ3, గోధుమరంగు పట్టీ ఆవిరికి, తెల్ల పట్టీ పొడికి. అమెరికా గుర్తుల్లో ఆవిరికి నలుపు, పీ100 అనే పొడి ఫిల్టర్‌కు మజెంటా. పొడి ఫిల్టర్ అనవసరం అనుకోవద్దు. ఈ కాలపు హార్డ్‌నర్లలో ఐసోసయనేట్ ఎక్కువగా చుక్కల్లోనే ఉంటుంది. ఊపిరి బరువైతే పైనున్న ఫిల్టర్ మూసుకుపోయిందని అర్థం, దాన్ని మార్చాలి. కార్ట్రిడ్జ్‌లో బొగ్గు మాత్రం మూసుకుపోయినట్టు తెలియదు, నిండిపోతుందంతే. టేబుల్ మీద ఊరికే పడున్నా పీలుస్తూనే ఉంటుంది, ఆగస్టులో ఇక్కడి ఉక్కకు ఇంకా త్వరగా చచ్చిపోతుంది. డ్యూటీ దిగగానే జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూయండి. తెరిచిన తేదీ మార్కర్‌తో దాని మీదే రాయండి. ఎన్ని గంటలకు మార్చాలో గ్యారేజీ ముందే లెక్కగట్టి పెట్టాలి, వాసన వచ్చేదాకా ఆగకూడదు.

తగిలించుకున్న ప్రతిసారీ చేయాల్సిన పరీక్షకు అరనిమిషం చాలు. రెండు కార్ట్రిడ్జ్‌లనూ అరచేతులతో మూసి మెల్లగా పీల్చి, పది సెకన్లు ఆపాలి. మాస్కు ముఖానికి అతుక్కుని అలాగే ఉండాలి. తర్వాత ముందున్న వాల్వు మూసి మెల్లగా వదలాలి, మాస్కు కొంచెం ఉబ్బాలి, చెంపల పక్కనుంచి గాలి తుస్సుమనకూడదు. వాల్వు లోపలి పల్చటి రబ్బరు బిళ్ల మీద పెయింట్ ఎండి అంటుకుంటే అది పూర్తిగా మూసుకోదు. చాలా మాస్కులు కారేది అక్కడే. చెమటకు మాస్కు జారితే బూత్ బయటికి వచ్చి, తుడుచుకుని, మళ్లీ పరీక్ష చేసుకోండి.

ఇక స్వామి సంగతి. గడ్డం ఉన్నా పనికొచ్చే సరంజామా ఉంది: తల మీంచి భుజాలదాకా దిగే వదులు హుడ్, దానికి గొట్టంతో వచ్చే శుభ్రమైన గాలి. లోపలి గాలి బయటికి తోస్తూ ఉంటుంది కాబట్టి సీలుతో పని లేదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్కలో సగం ముఖం మాస్కుకు రక్షణ అంకె 10, అంటే విషాన్ని పదో వంతుకు తగ్గిస్తుందని. ఈ హుడ్‌కు 25. తయారీదారు పరీక్షలతో రుజువు చేస్తే 1000 దాకా ఇస్తారు. 2కే కొట్టేవాళ్లకు గడ్డం ఉన్నా లేకున్నా ఇదే సరైనది. గ్యారేజీలు కొనవు, ఖరీదు. నాకు కష్టంగా ఉండేది ఇక్కడే. తొమ్మిది గంటలు బూత్‌లో నిలబడేవాడిని గడ్డం తీయమనడానికి ఖర్చు లేదు, హుడ్‌కు ఉంది. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం రక్షణ సామగ్రి సమకూర్చే బాధ్యత యజమానిది. ఆ సంగతి తలుపు దగ్గర ఎవరూ గుర్తుచేయరు. హుడ్ వచ్చేదాకా దీక్షలో ఉన్నవాడికి రంగు పడకూడని చోట్ల కాగితం అంటించే మాస్కింగ్, పాలిష్, పార్టులు బిగించే పని ఇవ్వొచ్చు. మర్యాదగా అడిగితే ఫోర్‌మన్ కాదనే పని కాదది.

హుడ్ ఉంటే సరిపోదు, గాలి ఎక్కడిదో చూడాలి. కంప్రెసర్ గాలి పీల్చే మూతి బండ్ల సైలెన్సర్ దగ్గరో, జనరేటర్ పక్కనో ఉంటే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా ముఖం మీదికి వస్తుంది. మామూలు ఫిల్టర్ దాన్ని ఆపదు. పీల్చే గాలికి పెట్టిన గ్రేడ్ డి అనే ప్రమాణం లెక్కలో అది 10 పీపీఎం మించకూడదు. హుడ్‌కు నిమిషానికి కనీసం 170 లీటర్లు అందాలి. గన్‌కూ హుడ్‌కూ ఒకే సన్నగొట్టం పంచితే ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా హుడ్‌లో గాలి పడిపోతుంది. పని మధ్యలో తలనొప్పి వస్తే ఉక్కకేలే అని సరిపెట్టుకోకుండా ముందు బయటికి రండి.

మనవాళ్లలో మంచి పనివాళ్లే ఎక్కువగా చేసే పొరపాటు ఒకటుంది. చివరి కోటు అవగానే మెరుపు ఎలా వచ్చిందో చూద్దామని ముఖం మీది అద్దం ఎత్తేస్తారు. పని మీద ప్రేమ అది. కానీ కంటికి కనబడని సన్నటి చుక్కలు ఇంకా గాలిలోనే ఉంటాయి. ఫ్యాన్ ఆపకుండా, బూత్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా అద్దం దించే ఉంచాలి. ఎన్ని నిమిషాలు పడుతుందో ఒకసారి పొగ యంత్రంతో బూత్ నింపి గడియారం పెట్టి చూసి, ఆ అంకె తలుపు మీద రాయించాలి.

చర్మం ద్వారా కూడా ఒంటికి పడకపోవడం మొదలవ్వొచ్చు. నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి, లేటెక్స్ థిన్నర్‌కు నిలవదు. పల్చటి నైట్రైల్ మీద థిన్నర్ చిందితే వెంటనే మార్చాలి. చేతులు థిన్నర్‌తో కడగడం పూర్తిగా మానేయాలి, అది చర్మంలోని నూనె లాగేసి మిగతా విషానికి దారి ఇస్తుంది. సబ్బు చాలు. రోజూ సాయంత్రం బెల్లం ముక్కో, అరటిపండో, గ్లాసు పాలో తీసుకుంటే లోపలిదంతా పోతుందని అమ్మా మేస్త్రీ ఇద్దరూ చెప్పే ఉంటారు. తినండి, తాగండి. కానీ అవి పోయేది కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి కాదు.

రెండేళ్లకోసారి సెలవు మీద వెళ్లినప్పుడు రాత్రి దగ్గు తగ్గిపోతే ఇంట్లో అందరూ మన ఊరి గాలి మహిమ అంటారు. నిజంగానే ఆ గాలిలో మన హార్డ్‌నర్ లేదు. తిరిగి వచ్చి డ్యూటీ ఎక్కిన కొన్నాళ్లకే మళ్లీ అర్ధరాత్రి దగ్గు, ఛాతీ పట్టేయడం మొదలైతే సిరప్ కొనుక్కుని ఊరుకోవద్దు. ఏ రోజుల్లో స్ప్రే చేశారు, ఏ వేళకు దగ్గు వచ్చింది, సెలవులో ఎన్నో రోజుకు తగ్గింది, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, హార్డ్‌నర్ డబ్బా మీది పేరు ఫోటో తీసి డాక్టరుకు చూపించండి.