పాత అంబాసిడర్‌కు ఏ ఇంజన్? నా అనుభవం

హైదరాబాద్ నల్లకుంటలో 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఒకటి అమ్మకానికి ఉందని తెలిసిన రోజు నుంచే, బండిని ఇంకా చూడకముందే, నాకు సలహాలు మొదలయ్యాయి. వాటిలో ఎక్కువమంది చెప్పినది ఒకటే: బండి కొను, పాత ఇంజన్ దించేసి ఇసుజు 1800 ఎక్కించు. తీసిపారేయదగిన సలహా కాదది. 1990ల తొలినాళ్లలో హిందుస్థాన్ మోటార్స్ సంస్థే దాదాపు ఇదే బాడీలో 1817 సీసీ ఇసుజు పెట్రోల్ ఇంజన్‌నూ, ఐదు గేర్ల ఫ్లోర్ షిఫ్ట్ గేర్‌బాక్స్‌నూ పెట్టి అమ్మింది. మార్క్ 2లోని 1489 సీసీ ఇంజన్ శక్తి ఇంచుమించు 50 హార్స్‌పవర్ అయితే, ఇసుజుది 75 దాకా ఉంటుంది. బంజారాహిల్స్ ఎత్తులు ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది.

అయితే నేను మొదట చూసినది ఇంజన్‌ను కాదు. జీపుకు ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు. బండి బరువంతా బాడీయే మోస్తుంది. కాబట్టి తలుపుల కింది పెట్టె భాగాలు, వెనక స్ప్రింగ్ పట్టీలు తగిలించే చోట్లు, కార్పెట్ అడుగున ఉన్న రేకు కుళ్లిపోతే ఎంత మంచి ఇంజన్ పెట్టినా ఉపయోగం లేదు. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని అంగుళం అంగుళం జరుపుతూ చూశాను. ఎడమ వెనక మడ్‌గార్డు దగ్గర అది పట్టు వదిలేసింది, అంటే అక్కడ రేకు బదులు పుట్టీ ఉందన్నమాట. మిగిలినదంతా గట్టిగానే ఉంది. ఏళ్ల తరబడి షెడ్డు కింద ఉండటమే ఈ బండిని కాపాడింది.

తర్వాత కాగితాలు. "నాన్నగారి పేరు మీదే ఉండిపోయిందండీ, మీరే మార్పించుకోండి" అన్నారు అమ్ముతున్నాయన. నేను ఒప్పుకోలేదు. యజమాని కాలం చేసినప్పుడు ముందు వారసుడి పేరు మీదికి ఫారం 31 ద్వారా మార్పిడి జరగాలి, ఆ తర్వాతే ఫారం 29, 30లతో కొన్నవారి పేరు మీదికి రావాలి. ఆ వరుస తప్పితే మూడక్షరాల పాత నంబరున్న ఇలాంటి బండి ఎప్పటికీ వివాదంలోనే ఉంటుంది. ఆయన సహృదయంతో అర్థం చేసుకుని ఆ పని పూర్తి చేయించాకే నేను డబ్బు చెల్లించాను.

ఇంజన్ మార్పిడి గురించి చట్టం ఏమంటుందో కూడా అప్పుడే చదివాను. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పు చెప్పింది. ఇసుజు పెడితే సీసీ మారుతుంది, ఇంజన్ నంబరు మారుతుంది. ఏ తుక్కు బండి నుంచి ఆ ఇంజన్ వచ్చిందో రుజువు చూపాల్సి ఉంటుంది. అనుమతి లేకుండా మార్చి తిరిగితే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థ ఏమంటుందో ఊహించడం కష్టం కాదు. దీనికి తోడు, 50 ఏళ్లు దాటిన బండ్ల కోసం 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు చాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలని కోరుతున్నాయి. మార్క్ 2లో ఇసుజు ఎక్కించిన రోజున ఆ దారి మూసుకుపోతుంది.

ఇసుజు ఒక్కటే వచ్చి కూర్చోదు కూడా. మౌంటింగులు, ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, రేడియేటర్, క్లచ్ అమరిక, గేర్ రాడ్ కోసం ఫ్లోరుకు కోత, పెరిగిన వేగాన్ని ఆపగల బ్రేకులు, అన్నీ దాని వెంటే వస్తాయి. ఇంత పని ఉన్నా, పాత ఇంజన్ నిజంగా పనికిరాకపోతే ఆలోచించక తప్పదు కనుక, ముందు అది తేల్చమని మా ఉస్తాద్‌ను అడిగాను. "బోరు చూడకుండ ఇంజన్ మార్చుడేంది సార్? ముందుగాల హెడ్ ఇప్పుదాం" అన్నాడాయన. బోరంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ, హెడ్ అంటే సిలిండర్ల పై మూత.

బిగుసుకుపోయిన ఇంజన్‌లో ప్లగ్గుల రంధ్రాల గుండా ఆయిల్ పోసి నాననిచ్చి, ముందు బంపర్ దగ్గర హ్యాండిల్ పెట్టి చేత్తోనే తిప్పి కదిలించాడు. తర్వాత కంప్రెషన్, అంటే పిస్టన్ నొక్కినప్పుడు సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి, ఎంతుందో చూశాం. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపు ఉంటే మంచిది; ఇక్కడ అంతకు బాగా మించి ఉంది. చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే రెండింటిలో పెరిగింది, అంటే రింగులు, బోరు అరిగాయి. ఒకదానిలో పెరగలేదు, అది వాల్వు లోపం. హెడ్ ఇప్పాక బోరు పై అంచున గోటికి తగిలే మెట్టు కనిపించింది. పిస్టన్ల తలలు గీకి శుభ్రం చేస్తే ఒక్కదాని మీదా ఓవర్‌సైజు ముద్ర లేదు. అరిగిన బోరును కోసి వెడల్పు చేస్తే (అదే బోరింగ్) పెద్ద సైజు పిస్టన్లు వేయాలి, ఆ ముద్ర వాటి మీదే ఉంటుంది. యాభై ఏళ్లలో ఆ బ్లాకుకు ఒక్కసారైనా బోరింగ్ జరగలేదు! నా నిర్ణయం అక్కడే ఖాయమైంది. ఇంకా ఎన్నో ఏళ్లు నడవగల అసలు బ్లాకును తుక్కుకు వేయడం నాకు అన్యాయమనిపించింది.

బ్లాకు పక్కనున్న గుండ్రటి రేకు బిళ్లలు తీసినప్పుడు, నీరు తిరగాల్సిన చోట గట్టిపడిన గోధుమరంగు మడ్డి కనిపించింది. తీగతో గీకి, నీళ్లతో కొట్టిన కొద్దీ అది వస్తూనే ఉంది. అంబాసిడర్లు ట్రాఫిక్‌లో వేడెక్కుతాయన్న ఫిర్యాదుకు చాలాసార్లు మూలం ఈ మడ్డేనని, ఇంజన్ డిజైన్ కాదని నేను నమ్ముతున్నాను. లేత్ షాపులో ట్వంటీ సైజుకు (అసలు కన్నా అంగుళంలో వెయ్యోవంతులు ఇరవై ఎక్కువ) బోరింగ్ చేయించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించాం. వాల్వు సీట్లు అరగకుండా కాపాడే సీసం కలిపిన పెట్రోల్ 2000లో దేశంలో ఆగిపోయింది కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వులకు గట్టి సీట్లు వేయించాం. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరును పాడు చేస్తుంది కనుక పెట్రోల్ పైపులు, పంపు డయాఫ్రం తప్పనిసరిగా మార్పించాను. సామాను చాలావరకు రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాల్లోనే దొరికింది.

తొలి 800 కిలోమీటర్లు గంటకు 60 దాటకుండా నడిపి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, ఆయిల్ మార్చాం. రెన్యువల్ తనిఖీలో ఇన్‌స్పెక్టర్‌గారు చాసిస్ నంబరుకు పెన్సిల్ ప్రింట్ తీసుకుని, ఇంజన్ నంబరును ఆర్‌సీతో సరిచూసి, అభ్యంతరం లేదన్నారు. వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు మాత్రం నేను ఇప్పుడు వెళ్లలేదు. దాని కింద బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తప్ప రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు, నాకేమో ఆదివారాలు ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరగాలని ఉంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ రెన్యువల్ వస్తుంది. అప్పటికి వాడకం తగ్గితే వింటేజ్ కింద దరఖాస్తు చేస్తాను. అసలు ఇంజన్ బండిలోనే ఉంది కాబట్టి అందుకు అడ్డు ఉండదనే నా ఆశ.