మొగ్గ కోసం పెంచే అల్లం

అల్లం జాతికే చెందిన టార్చ్ జింజర్ అనే మొక్కను నాటిన మొదటి ఏడాది దాన్ని మామూలు అల్లంలాగే చూశాను. చలి మొదలయ్యాక అల్లం, పసుపు ఆకులు పండి వాలిపోతాయి, అప్పుడు నీళ్లు ఆపేస్తాం కదా. దీనికీ ఆపేశాను. ఆకుల అంచులు మాడుతుంటే దుంప నిద్రకు పోతోందనుకున్నాను. పాపం, అది దాహంతో అల్లాడింది. ఈ మొక్క ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది, దీనికి విశ్రాంతి కాలం లేదు.

దీని శాస్త్రీయ నామం ఎట్లింజెరా ఎలాటియర్. ఇండోనేసియా, మలేసియా, థాయ్‌లాండ్ వైపు వాన అడవులు దీని పుట్టిల్లు. అక్కడి నేల ఎలా ఉంటుందో ఊహించుకున్నాకే నాకు దీని సంగతి అర్థమైంది: పైన చెట్ల నీడ, కింద కుళ్లిన ఆకుల మెత్తటి పొర, గాలి నిండా తేమ, ఎంత వాన పడినా నిలవకుండా ఇంకిపోయే నీరు. నేల ఎప్పుడూ తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలబడకూడదు. నిలబడితే దుంప కుళ్లుతుంది. అందుకే మట్టిని కాస్త ఎత్తు చేసి, చివికిన పశువుల ఎరువు కలిపి, మొదలు చుట్టూ జానెడు మందాన ఎండాకులు పరిచాను. పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు దీనికి నచ్చింది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగితే ఆకులు దెబ్బతింటాయి. ఈదురుగాలికి అరటాకుల్లా చీలికలవుతాయి కూడా.

కుండీలో పెంచుతామనే వాళ్లకు నా మాట ఒకటే: వీలైతే నేలలోనే పెట్టండి. మూడు నాలుగు మీటర్లు లేచే మొక్క ఇది. దుంప పక్కలకు పాకుతూ పిలకలు వేస్తూనే ఉంటుంది.

పూకాడ ఆకుల కాండం నుంచి రాదు. దుంప నుంచే విడిగా, ఒక్క ఆకు కూడా లేకుండా నేలను చీల్చుకుని నిటారుగా లేస్తుంది. నేను పిలక నాటిన రెండో ఏడాదికి గానీ అది కనబడలేదు. తినాల్సింది దాని కొసన ఉన్న మొగ్గనే, అదీ విచ్చుకోకముందు. విచ్చాక రేకులు పీచుగా మారతాయి. పైరేకులు తీసేసి సన్నగా, చాలా సన్నగా తరగాలి. అల్లం ఘాటు తక్కువ, నిమ్మాకు నలిపినట్టుండే పరిమళం ఎక్కువ. మలేసియాలో దీన్ని బుంగా కంతాన్ అంటారు, పుల్లటి చేపల పులుసుతో చేసే లక్సా అనే నూడుల్స్ వంటకం మీద పచ్చిగానే చల్లుతారు. ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో ఉండే బటక్ ప్రజలు దీని పుల్లటి కాయలను చేపల కూరలో వేస్తారు.

ఈసారి నాలుగు కాడలు లేచాయి. మూడు కోసుకుంటాను. నాలుగోది ఎర్రగా విచ్చుకునేదాకా అలాగే ఉంచుతాను.