గాలిపటం, ముళ్లకంచె

ఆదివారం, రాత్రి

పొద్దున కరెంటు పోయి పదింటి దాకా రాలేదు. టిఫిన్, బట్టలు, మార్కెట్టు అన్నీ ఆలస్యం. మధ్యాహ్నం ఇస్త్రీ చేసుకుంటూ చూడొచ్చు కదా అని స్టీవెన్ ఓకజాకి అనే అమెరికన్ దర్శకుడు తీసిన ‘డేస్ ఆఫ్ వెయిటింగ్’ డాక్యుమెంటరీ పెట్టాను. అరగంట కూడా ఉండదు. కాసేపటికే ఇస్త్రీపెట్టె ఆపేసి కూర్చుండిపోయాను.

ఎస్టెల్ ఇషిగో అనే తెల్లజాతి చిత్రకారిణి కథ అది. జపనీస్ అమెరికన్ అయిన ఆర్థర్‌ని ప్రేమించింది. అప్పటి కాలిఫోర్నియా చట్టం అలాంటి పెళ్లిని ఒప్పుకునేది కాదు. అందుకని 1928లో సరిహద్దు దాటి మెక్సికో వెళ్లి పెళ్లి చేసుకున్నారు. జపాన్‌తో యుద్ధం నడుస్తున్న 1942లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక్క సంతకంతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్లని ఇళ్లు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు. ఎస్టెల్ బయటే ఉండిపోవచ్చు. ఉండలేదు. భర్తతో పాటు వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ క్యాంపుకి వెళ్లింది. అక్కడి బతుకంతా బొమ్మలు గీసింది. వాటిలో ఒకదాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చాలాసేపు చూశాను. ముళ్లకంచెకి చిక్కుకున్న గాలిపటం, దాన్ని విడిపించుకోవాలని చూస్తున్న ఇద్దరు పిల్లలు. అంతే బొమ్మ.

మధ్యలో అమ్మ ఫోన్ చేస్తే కథ చెప్పాను. "సీతమ్మలా వెంట వెళ్లిందన్నమాట. పిల్లలున్నారా?" అంది. లేరన్నాను. ఫోన్ పెట్టేశాక అనిపించింది, సీతమ్మకి కనీసం పద్నాలుగేళ్లని లెక్క తెలుసు. వీళ్లకి ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేదు. బయటికొచ్చాక కూడా ఏళ్ల తరబడి పేదరికమే. ఎస్టెల్ 1990లో పోయింది. సినిమాకి ఆస్కార్ వచ్చింది 1991లో.

ఓకజాకి 1952లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టిన మూడో తరం జపనీస్ అమెరికన్. ఆ బహుమతి తర్వాత హాయిగా పెద్ద సినిమాల వైపు వెళ్లొచ్చు. శాన్ ఫ్రాన్సిస్కోలో హెరాయిన్‌కి బానిసలైన కుర్రవాళ్ల దగ్గరికి వెళ్లాడు. కంబోడియాలో, చంపబోయే ఖైదీలకి ఫోటోలు తీసిన మనిషి దగ్గరికి వెళ్లాడు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది హిరోషిమా విషయం. అమెరికాలో ఉంటున్న అణుబాంబు బాధితుల మీద 1982లోనే సినిమా తీశాడు. అక్కడితో వదిలేయకుండా 2007లో ‘వైట్ లైట్/బ్లాక్ రెయిన్’ తీశాడు. అది నేను ఇదివరకే చూశాను. మొదట్లో టోక్యో వీధిలో కుర్రకారుని 1945 ఆగస్టు 6న ఏం జరిగిందని అడుగుతారు. తెలియదంటారు. తర్వాత బతికి బయటపడ్డ 14 మంది మాట్లాడతారు. వాళ్లలో తానిగుచి అనే పెద్దాయన పదహారేళ్లప్పుడు నాగసాకిలో సైకిల్ మీద ఉత్తరాలు పంచుతుంటే వీపంతా కాలిపోయింది. ఆయన కెమెరా ముందు చొక్కా విప్పి ఒళ్లు చూపిస్తాడు. పైనుంచి వ్యాఖ్యానం ఏమీ ఉండదు. ఉంటే నాకు నచ్చేది కాదు, ఆ మనిషి మాటకి అడ్డుపడ్డట్టు ఉండేది. పాతికేళ్ల తర్వాత మళ్లీ అదే విషయానికి రావడానికి ఎంత పట్టుదల కావాలి! అప్పటికి ఆ సాక్షులంతా ముసలివాళ్లు. ఇంకొన్నేళ్లు ఆగితే అడగడానికి మనుషులే ఉండరు. ఈ తొందర ఆయనకి తెలుసనుకుంటాను.

ఇక చూడాల్సింది ‘అన్‌ఫినిష్డ్ బిజినెస్’. క్యాంపుల రోజుల్లో ప్రభుత్వ ఆజ్ఞల్ని కాదని కోర్టుల దాకా వెళ్లిన కొరెమాట్సు, హిరబయాషి, యసుయిల కథ, 1985 నాటిది. ఎస్టెల్ సినిమా మాత్రం ఈసారి ఇంటికెళ్లినప్పుడు అమ్మకి చూపిస్తాను. ఇంగ్లీషు తనకి అందదు. పక్కన కూర్చుని తెలుగులో చెబుతాను, అవసరమైతే ఆపి ఆపి.