సరేనన్నాను గానీ...

చెన్నైలో పెద్ద ఆసుపత్రి ఏదైనా సరే, బయట నెల్లూరు, చిత్తూరు వైపు మనవాళ్లు ఫైలు చంకలో పెట్టుకుని కనిపిస్తారు. చాలామందికి తమిళం రాదు. "శనివారాలు వెళ్లి కాస్త తోడుండగలరా బ్రదర్?" అని మా పాస్టర్ గారు అడిగారు. సరేనన్నాను. ఆ సరే నోటి దగ్గరే ఆగిపోయింది.

మొదటి శనివారం, స్కానింగ్ గది బయట గూడూరు అవ్వ ఒకావిడ. నర్సు చెప్పింది తెలుగులో చెబుతూనే రెండు మూడుసార్లు ఫోన్‌లో టైం చూసుకున్నాను. అవ్వ కనిపెట్టేసింది. "నీకేదో పనున్నట్టుంది, పోయిరా నాయనా. మేం కూర్చోనుంటాంలే." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది.

"మీరు సమ్మతించి నా మాట వినినయెడల మీరు భూమియొక్క మంచిపదార్థములను అనుభవింతురు" (యెషయా 1:19). ఎన్నిసార్లు చదివానో! 'మాట వినినయెడల' దగ్గరే నా చూపు. దాని ముందే 'సమ్మతించి' ఉంది. నీనెవె పట్టణానికి వెళ్లమని దేవుడంటే మొదట పారిపోయిన ప్రవక్త యోనా కూడా చివరికి మాట విన్నాడు కదా. నీనెవె అంతా మారుమనస్సు పొందినా ఊరి బయట పందిరి కింద మొహం ముడుచుకునే కూర్చున్నాడు.

మేముండేది సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. యేసు శిష్యుడు తోమా (థామస్) క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడనీ, 72లో ఈ కొండ మీదే విశ్వాసం కోసం ప్రాణాలిచ్చి హతసాక్షి అయ్యాడనీ సంప్రదాయం. మూడో శతాబ్దం నాటి సిరియాక్ భాషలోని ఒక కథ ఉంది (బైబిల్లోది కాదు, అయినా నాకిష్టం). ఎవరు ఏ దేశానికి సువార్త చెప్పడానికి వెళ్లాలో శిష్యులు చీట్లు వేస్తే తోమాకు ఇండియా వచ్చింది. "నేను హెబ్రీయుణ్ణి, అక్కడికెలా పోను? ఇంకెక్కడికైనా పంపు, అక్కడికి మాత్రం వెళ్లను" అన్నాడట. ప్రభువు అతణ్ణి ఒక వర్తకుడికి దాసుడిగా అమ్మేశాడు. ఆ రాత్రి గడిచాక తోమా, నీ చిత్తమే జరగనీ అని ప్రార్థించి ఓడ దగ్గరికి వెళ్లాడు. చేతిలో వేరే సామాను లేదు, తనను అమ్మిన వెండి తప్ప.

నన్ను పట్టుకున్నది ఆ వెండి కాదు, అంతకుముందు ఆయన అన్న "వెళ్లను". ప్రభువు మొహం మీదే చెప్పాడు. నేను ఆ పాటి నిజం కూడా చెప్పలేదు. ఆ వారం మోకరించి మొదటిసారి అన్నాను: "ప్రభువా, నాకు ఇష్టం లేదు. శనివారం ఒక్కటే నాకు సెలవు." చెప్పాక చాలాసేపు అలాగే ఉండిపోయాను.

మొన్న శనివారం ఫోన్ బ్యాగులో పడేసి వెళ్లాను. అవ్వ లేదు. చిత్తూరు పెద్దాయన ఒకరు, రిపోర్టు సంగతి తర్వాత, ముందు ఇడ్లీ ఎక్కడ దొరుకుతుంది బాబూ అన్నాడు. ఇద్దరం రోడ్డు దాటాం.